పీకినకొద్దీ తుంగ!

విజయనగరం నుంచి రామతీర్థం వెళ్లే దారిలో వస్తుంది నెల్లిమర్ల. జూట్ మిల్లుతో పేరుపడ్డ ఊరు, చెంతనే చంపావతి నది. ఈ ప్రాంతంలో గోగు చేనైనా, వేరుశనగ చేనైనా రైతును వదలని కలుపు ఒకటుంది... అదే తుంగ!

పీకితే ఆకే చేతికొస్తుంది. గొలుసుకట్టుగా ఉండే గడ్డలు నేలలోనే మిగిలి మళ్లీ మొలకెత్తుతాయి. దున్నితే గొలుసు తెగి గడ్డగడ్డకీ ఓ మొక్క! ప్రపంచంలోని మొండి కలుపు మొక్కలపై 1977లో శాస్త్రవేత్తలు వేసిన పుస్తకంలో మొదటి స్థానం దీనిదే.

అయితే ఆ గడ్డలే ఆయుర్వేదం చెప్పే తుంగముస్తలు. జ్వరానికీ, అజీర్తికీ కషాయాల్లో వేస్తారు. ఎండబెట్టి దంచి సున్నిపిండిలో కలిపితే కమ్మని వాసన. చేలో కూలిచ్చి పీకించి గట్టున పారేసేదీ, మూలికల కొట్లో డబ్బిచ్చి కొని తెచ్చుకునేదీ... రెండూ ఒకటే!