డాబా దాకా

మనిషిని కుర్చీలో పైకి చేర్చే మెట్ల లిఫ్టు పట్టాను గోడకు కాదు, సాధారణంగా మెట్లకే బిగిస్తారు. మా మెట్లు మధ్యలో మలుపు తిరుగుతాయి కనుక ఆ వంపు కొలిచి పట్టాను ప్రత్యేకంగా చేయించాలి. తిన్నని మెట్లకైతే ఖర్చు బాగా తగ్గేది. బ్యాటరీ ఉన్న రకమైతే కరెంటు పోయినా ఆగదు. పైకి చేరాక కుర్చీ మెట్లకు వీపు పెట్టి, గదుల వైపు తిరగాలి. కుర్చీ దిగేటప్పుడు కాలు తడబడినా మెట్ల మీదికి పడిపోరు. నేను ముందుగా చూసేది అదే.

అమ్మ ధర అడగలేదు. "డాబా మీదికి వెళ్తుందిరా?" అంది.

వడియాలు, ఆవకాయ ముక్కలు, వేసవి రాత్రుల పక్కబట్టలు, చంకలో మేము. ఎన్ని బరువులు మోసిందో ఆ మెట్ల మీద! దగ్గరుండి కట్టించుకున్న ఇంట్లో సగం ఆమెకు పొరుగూరైపోయింది.

డాబా మెట్లు ఆరుబయటివి. వాటికి ఎండావానా తట్టుకునే రకం వేరే ఉంది. ఖరీదెక్కువే. అయినా అదే తీసుకుంటాం.