ఆగితే కనబడిన నడక

మన ఒంట్లో మూటలు మోసే కూలీలున్నారంటే నమ్ముతారా? ఏదో పోలిక చెబుతున్నాననుకోకండి, నిజంగానే ఉన్నారు. జీవకణంలో సన్నని గొట్టాలతో వేసిన బాటలుంటాయి. మైక్రోట్యూబ్యూళ్ళంటారు వాటిని. ఆ బాటల మీద రెండు పాదాలున్న ప్రోటీను ఒకటి, నెత్తిన మూటతో, అడుగు మీద అడుగు వేసుకుంటూ నడిచిపోతూ ఉంటుంది. దాని పేరు కైనెసిన్. కదలిక అనే అర్థమున్న గ్రీకు మాటలోంచి పుట్టిన పేరు. ఒక్కో అడుగూ 8 నానోమీటర్లు. అంటే మిల్లీమీటరులో లక్షో వంతు కూడా లేదు! సెకనుకి దాదాపు 100 అడుగులు వేస్తుంది. అంత హడావిడిగా నడిచినా ఒక మిల్లీమీటరు గడవడానికి 20 నిమిషాలు.

ఇహ మన నడుం దగ్గర మొదలై కాలివేళ్ళ దాకా పోయే నరం ఉందే, దాని పొడవు మీటరు దాకా ఉంటుంది. దానికి కావలసిన సరుకు చాలా మటుకు వెన్ను దగ్గరే తయారవుతుంది. అక్కణ్ణించి కాలివేళ్ళ దాకా మోసుకుపోవలసిందే. ఒక కూలీ ఓ వంద అడుగులు నడిచి జారిపోతే ఇంకొకటి మూట అందుకుంటుంది.

ఇంత చాకిరీ చేస్తున్నదాన్ని 1985 దాకా ఎవరూ పట్టుకోలేకపోయారు. పట్టుబడ్డ తీరు వింటే నవ్వొస్తుంది. అమెరికాలో మసాచుసెట్స్ సముద్రతీరాన వుడ్స్ హోల్ అనే చోట రొనాల్డ్ వేల్, థామస్ రీస్, మైకేల్ షీట్జ్ అనే ముగ్గురు స్క్విడ్ అనే సముద్రజీవి నరాన్ని పరీక్షిస్తున్నారు. అది కంటికి కనబడేంత లావుంటుంది. అందులో మూటలు కదులుతున్నట్టు తెలుస్తూనే ఉంది గానీ మోసేదెవరో తెలియదు. కైనెసిన్‌కి తిండి ఎ.టి.పి. అనే పదార్థం, అడుగుకొకటి చొప్పున. అచ్చం దానిలాగే ఉండి, విరగని నకిలీ పదార్థం ఒకటుంది. తాళంలో దూరి, తిరగకా, బయటికి రాకా ఇరుక్కుపోయే తప్పు చెవి ఉంటుంది చూశారూ, అలాంటిదన్నమాట. అది తగలగానే కూలీలు ఎక్కడివక్కడ బాటను కరచుకుని నిలబడిపోయాయి. బాటతో సహా వాటిని వేరు చేసి, ఆపైన అసలైన ఎ.టి.పి. అందిస్తే పట్టు వదిలి చేతికొచ్చాయి. నడిచినన్నాళ్ళూ దొరకనిది ఆపేస్తే దొరికింది! అమ్మ జ్వరంతో పడకేసిన రోజునే గదండీ, డికాషన్ దానంతటది దిగదని ఇంటిల్లిపాదికీ తెలిసేది.

ఈ ఆపడంలోనే వైద్యమూ ఉంది, బాధా ఉంది. మా పిన్నికి లింఫ్ గ్రంథుల కాన్సరు వచ్చినప్పుడు ఇచ్చిన మందుల్లో విన్‌క్రిస్టిన్ ఒకటి. మన పెరట్లో నీళ్ళు పోయకపోయినా పూసే బిళ్ళగన్నేరులోంచి తీసేదే. (అలాగని ఆకులు నమిలేరు, విషం!) అది కూలీని ఆపదు, బాటనే కట్టనివ్వదు. విడిపోబోయే కాన్సరు కణం విడిపోలేక చస్తుంది. బాగానే ఉంది. కాని నరాల్లోనూ అదే బాట కదా. అందరికన్నా దూరాన ఉన్న పాదాలకి ముందు దెబ్బ తగులుతుంది. "నా కాళ్ళెక్కడున్నాయో చూసుకుంటేగానీ తెలియడం లేదే అమ్మాయ్" అనేది పిన్ని. ఓనాడు వీధిలోంచి ఒంటి చెప్పుతో ఇంటికొచ్చింది. రెండోది ఎక్కడ జారిపోయిందో తెలియనే లేదుట. మందు ఆపాక నెలల మీద కొంత స్పర్శ తిరిగొచ్చింది. ఇప్పటికీ మెట్లు దిగేటప్పుడు మటుకు గోడ పట్టుకుంటుంది.

బాట తవ్వకుండా, కావలసిన ఒక్క కూలీనే ఆపలేమా? ఆ ఆలోచన వచ్చినవాళ్ళూ ఉన్నారు. 1999లో హార్వర్డ్‌లో థామస్ మేయర్, తరుణ్ కపూర్, తిమొతీ మిచిసన్, వారి సహచరులు 16,000కు పైగా పదార్థాలు వడబోసి మొనాస్ట్రాల్ అనేదాన్ని బయటపెట్టారు. కణం రెండుగా చీలేటప్పుడు రెండు కొసలనూ ఎడంగా నెట్టే ఈజీ5 అనే కైనెసిన్‌ని మాత్రమే అది పట్టుకుంటుంది. నెట్టేది లేక రెండు కొసలూ ఒక్కటై, క్రోమోజోములు చుట్టూ పేర్చుకుంటాయి. ఆ ఫోటో చూస్తే ఒకే చుక్క చుట్టూ వేసిన పద్మం ముగ్గులా ఉంటుంది. అంత అందమైన ఊహకి రోగుల దగ్గర ఆశించినంత ఫలం దక్కలేదు. ఆ కోవలో తరవాత వచ్చిన మందులు కాన్సరు మీద అంతంతమాత్రమే పనిచేశాయి, పైగా తెల్ల రక్తకణాలు తగ్గాయి. నాకు మటుకు ఆ పదహారు వేల వడపోత వృథా అనిపించదు.

ఎందుకంటే అదే ఊహ గుండె దగ్గర పండింది. గుండె కండను బిగించేది మయోసిన్ అనే ఇంకో జాతి కూలీ. కొందరికి వంశపారంపర్యంగా అది అతిగా పనిచేస్తుంది. గుండె గోడ మందమై, రక్తం బయటికి పోయే దారికే అడ్డొస్తుంది. మెట్లెక్కితే ఆయాసం, కళ్ళు తిరగడం. 2022లో అమెరికాలో అనుమతి పొందిన మావాకామ్టెన్ అనే మందు ఆ మయోసిన్‌లలో కొన్నింటిని పక్కన కూర్చోబెడుతుంది. అన్నింటినీ కాదు సుమండీ! మోతాదు మించితే గుండె రక్తం తోడలేక నీరసించిపోతుంది. అందుకే మందు మొదలుపెట్టిన దగ్గర్నించీ మాటిమాటికీ ఎకో తీసి, గుండె ఎంత తోడుతోందో కొలిచి, ఆ అంకె చూసిగానీ డాక్టరు తరవాతి చీటీ రాయరు.