అన్నం తగ్గితే కూర మారాలి

మధుమేహంతో వచ్చిన తెలుగువాళ్లను "నిన్న మధ్యాహ్నం ఏం తిన్నారు?" అని అడిగితే దాదాపు అందరూ ఒకే తీరులో చెబుతారు: "బెండకాయ వేపుడు, టమాటా పప్పు, పెరుగు." అన్నం మాట ఎత్తరు. దాచాలని కాదు. అన్నం ఎలాగూ ఉంటుంది, దాన్ని వేరే చెప్పేదేముందని. బెర్లిన్‌లో కుటుంబ వైద్యుడిగా నేను చూసే జర్మన్ రోగులైతే రొట్టె ముక్కలు లెక్కపెట్టి మరీ చెబుతారు. ఇక్కడి మధుమేహ శిక్షణ తరగతుల్లో ఆ లెక్క నేర్పుతారు: 12 గ్రాముల పిండిపదార్థం ఒక రొట్టె యూనిట్. మనవాళ్లకూ అదే లెక్క వేసి చూపిస్తాను. వండిన తెల్లన్నం 100 గ్రాముల్లో సుమారు 28 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. మామూలుగా పెట్టుకునే అన్నాన్ని ఇంట్లో తూచి చూడమంటే చాలామందికి 350 గ్రాములదాకా వస్తుంది. అంటే ఒక్క పూటకు ఎనిమిది యూనిట్లు. అదే కాలీఫ్లవర్ అరకిలో తిన్నా ఒక యూనిట్‌కు అటూ ఇటూ.

ఈ లెక్క బుర్రకెక్కిన వాళ్లు అన్నం ఇట్టే తగ్గించేస్తారు. చిక్కంతా ఆ తర్వాతే. అన్నం పోయిన పళ్లెంలో కూర ఎలా ఉండాలి? వైద్యులు చాలామంది అంతదాకా వెళ్లరు, "కూరగాయలు ఎక్కువ తినండి" అని ఊరుకుంటారు. ఆ ఒక్క వాక్యం చాలదని నాకు నేర్పింది రోగులే. ఆనవాళ్లు తెలియకుండా వివరాలు కొంత మార్చి వాళ్ల సంగతులు చెబుతాను.

గుంటూరు జిల్లా నుంచి వచ్చిన ఒక సాఫ్ట్‌వేర్ ఇంజినీరు, నలభై లోపు వయసు. మూడు నెలల సగటు చక్కెర చెప్పే హెచ్‌బీఏ1సీ 8.4. రెండు పూటలా అన్నం మానేసి, ఆ స్థానంలో కూర రెట్టింపు చేశాడు. మూడు నెలలకు చక్కెర బాగా దిగింది, బరువూ తగ్గింది. కానీ రక్తపోటు 150/94కు చేరింది. అంతకుముందు ఎప్పుడూ 130 దాటలేదు. పైగా గుండెల్లో మంట, రాత్రంతా దాహం. బరువు తగ్గితే రక్తపోటూ తగ్గాలి కదా. పరీక్షల్లో ఏమీ దొరకలేదు. అతని భార్యను కూర్చోబెట్టి, "క్యాబేజీ కూర ఎలా చేస్తారో మొదటి నుంచి చెప్పమ్మా" అన్నాను.

ఆవిడ పూసగుచ్చినట్టు చెప్పింది. అరకిలో క్యాబేజీకి చెంచాడు ఉప్పు, రెండు చెంచాల కారం, నాలుగు గరిటెల నూనె, దించే ముందు పప్పుల పొడి. వాళ్లమ్మ నేర్పిన కొలతలే. ఆ కొలతల్లో తప్పేమీ లేదు. నలుగురు అన్నంలో కలుపుకుని తినాల్సిన కూర అది. ముద్దలో నాలుగో వంతు కూరైతే మిగతాది చప్పటి అన్నం. ఆ చప్పదనానికంతటికీ సరిపోయేలా ఉప్పూ కారం పడతాయి. చెంచాడు ఉప్పంటే ఐదారు గ్రాములు. ఇప్పుడు అన్నం లేదు, ఆ కూరలో సగం అతనొక్కడే తింటున్నాడు. రాత్రికి మళ్లీ మరో కూరలో సగం. పక్కన ఆవకాయ ఉండనే ఉంది. పెద్దవాళ్లకు రోజుకు ఆరు గ్రాముల ఉప్పు మించవద్దని జర్మన్ పోషకాహార సంఘం చెబుతుంది, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు గ్రాములే అంటుంది. ఇతను రెండు పూటల కూరలతోనే ఆ గీత దాకా వస్తున్నాడు, ఆవకాయతో దాటేస్తున్నాడు.

మన కూర అన్నానికి తోడుగా పుట్టింది. అన్నం తీసేసి అదే కూరను రెట్టింపు పెడితే ఆరోగ్యం కుదుటపడదు. అందుకే ఇప్పుడు ఎవరు అన్నం తగ్గిస్తానన్నా మొదట ఒకటే అడుగుతాను: మీ ఇంట్లో కూరను వట్టిగా గిన్నెడు తినగలరా? తినలేకపోతే వండే పద్ధతి మార్చాలి.

మార్చడం పెద్ద పనేమీ కాదు. ఉప్పు సగానికి, కారం మూడో వంతుకు దించాలి. ఆ లోటును నిమ్మరసం, కొత్తిమీర, కరివేపాకు, వేయించిన జీలకర్ర, కొబ్బరికోరు, నువ్వుల పొడి పూడుస్తాయి. ముక్క పెద్దగా తరగాలి. అన్నంలో కలపడానికైతే చిన్న ముక్క మెత్తగా మగ్గాలి. వట్టిగా తినేటప్పుడు పంటికి తగలాలి, లేకపోతే నాలుగు ముద్దలకే మొహం మొత్తుతుంది. ఉప్పు చివర్లో వేయాలి. ముందే వేస్తే కూరగాయ నీరొదిలి వేగాల్సింది ఉడికిపోతుంది. ఇక్కడి అద్దె ఇళ్లలో ఉండేవి కరెంటు పొయ్యిలు, గ్యాసు మంటలా ఒక్కసారిగా వేడెక్కవు. ఇరుకు మూకుడులో కిలో కూర కుక్కితే మిగిలేది ముద్దే. వెడల్పు మూకుడు బాగా కాలనిచ్చి, రెండు వాయిలుగా వేయించుకోవాలి, మూత పెట్టకూడదు.

ఆ ఇంజినీరు భార్య ఇప్పుడు చేసే క్యాబేజీ నాకు నోటికి వచ్చేసింది. జర్మన్లు ష్పిట్స్‌కోల్ అనే మొన తేలిన లేత క్యాబేజీ తెస్తుంది. దాన్ని రెండంగుళాల ముక్కలుగా కోస్తుంది. రెండు చెంచాల నూనెలో ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకు పోపు. క్యాబేజీ వేసి అంచులు ఎర్రబడేదాకా ఐదారు నిమిషాలు వేయిస్తుంది. రెండు గుడ్లు కొట్టి పొరటు చేస్తుంది. అప్పుడు చిటికెడు ఉప్పు, మిరియాల పొడి, నిమ్మచెక్క. పిల్లలకు, తనకు అందులోంచే కొంత తీసి వేరే ఉప్పూ కారం కలుపుతుంది. ఒకే పొయ్యి మీద రెండు రకాల భోజనం తయారవుతుంది. గుడ్డు ఎందుకంటే, అన్నం తగ్గించి మాంసకృత్తులు గానీ కొవ్వు గానీ చేర్చకపోతే రెండు గంటలకే ఆకలేస్తుంది. ఆ ఆకలికి బిస్కెట్ల డబ్బా తెరుచుకుంటుంది. గుడ్డు తినని ఇళ్లలో పనీర్, టోఫు, పల్లీలు పనికొస్తాయి.

"మన కూరగాయలు ఇక్కడ దొరకవు డాక్టర్ గారూ" అనేవాళ్లకు నేను రెండు చోట్లు చెబుతాను. మంగళ, శుక్రవారాల్లో మైబాఖ్‌ఊఫర్‌లో కాలువ గట్టున జరిగే టర్కీ సంత. వంకాయలు, బెండకాయలు, పాలకూర, కట్టలకొద్దీ కొత్తిమీర రాశులుగా పోసి ఉంటాయి. రెండోది లిష్టెన్‌బెర్గ్‌లోని డాంగ్ షువాన్ సెంటర్, వియత్నాం వాళ్ల అంగళ్లు. కాకరకాయలు అక్కడ చూడొచ్చు. అంతదూరం పోలేని వాళ్లకు వీధి చివరి సూపర్‌మార్కెట్ చాలు. అక్కడ కోల్‌రాబీ ఉంటుంది, మన నూల్‌కోల్. తొక్క తీసి అగ్గిపుల్లల్లా కోసి కొబ్బరి వేసి కూర చేస్తే బీన్స్ కూరకు ఏమీ తీసిపోదు. దాని ఆకులు పారేయకండి, పాలకూరలాగే వండుకోవచ్చు. గడ్డకట్టించిన పాలకూర కొనేటప్పుడు మాత్రం పొట్లం మీద పేరు చదవాలి. బ్లాట్‌ష్పినాట్ వట్టి ఆకు. రామ్‌ష్పినాట్‌లో మీగడ, చాలాసార్లు పిండి కూడా కలిసి ఉంటుంది. వసంతంలో వచ్చే తెల్ల ఆస్పరాగస్ బెర్లిన్ పక్కనున్న బేలిట్స్‌లో విస్తారంగా పండుతుంది, జూన్ 24తో కోత ఆపేస్తారు. జర్మన్లు దాన్ని బంగాళాదుంపలతో, వెన్న సాసుతో తింటారు. తొక్క తీసి ఉడికించి ఆవ పెడితే మన నోటికి ఎంత బాగుంటుందో.

పిండిపదార్థం దొంగచాటుగా చేరే దారులూ కొన్ని చెప్పాలి. పులుసులో బెల్లం, చిక్కదనానికి బియ్యప్పిండి, వేపుడుకు దట్టించే శనగపిండి. చింతపండులోనూ చక్కెర తక్కువేమీ కాదు. చిక్కదనం కావాలంటే చిలికిన పెరుగో నువ్వుల ముద్దో వాడుకోవచ్చు.

నేనుండే ఈ బెర్లిన్ నగరానికీ మధుమేహానికీ పాత సంబంధం ఉంది. క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాల దీవులను మొదట వర్ణించిన పాల్ లాంగర్‌హాన్స్ బెర్లిన్‌లోనే పుట్టాడు. 1869లో ఇక్కడి విశ్వవిద్యాలయానికి సమర్పించిన పరిశోధన వ్యాసంలో, 21 ఏళ్ల వయసులో ఆ సంగతి రాశాడు. అవి ఏం పని చేస్తాయో అతనికి తెలియదు. 1906లో ఇదే నగరంలో గేయోర్గ్ జ్యూల్‌త్సర్ అనే వైద్యుడు క్లోమం నుంచి తీసిన రసాన్ని మరణశయ్య మీదున్న రోగికి ఎక్కించాడు. రోగి కాస్త తేరుకున్నాడు, రసం అయిపోయాక చనిపోయాడు. ఇన్సులిన్ 1922లో గానీ మనిషికి అందలేదు. అప్పటిదాకా వైద్యుల చేతిలో ఉన్న మందు తిండే. ఫ్రాంక్‌ఫర్ట్, వియన్నాల్లో పనిచేసిన కార్ల్ ఫాన్ నూర్డెన్ రోగులకు కూరగాయల రోజులు పెట్టేవాడు. న్యూయార్క్‌లో ఫ్రెడరిక్ అలెన్ పద్ధతి ఇంకా కఠినం. కూరగాయను మూడుసార్లు ఉడికించి మూడుసార్లూ నీళ్లు పారబోసి, పిండిపదార్థం చాలావరకు పోయాక మిగిలిన పిప్పిని కడుపు నిండటానికి పెట్టేవారు. ఆ పిప్పి తిని నెలలూ ఏళ్లూ నెట్టుకొచ్చి, ఇన్సులిన్ వచ్చేదాకా ప్రాణం నిలుపుకున్న పిల్లలున్నారు. అన్నం తగ్గించమంటే శిక్షలా భావించే రోగులకు నేను ఈ కథ చెబుతాను. ఇవాళ మనకు పోపు వేసుకునే వెసులుబాటు ఉంది, రుచి వదులుకోవాల్సిన అవసరమే లేదు.

మందులు వాడేవాళ్ల విషయంలో మాత్రం నేను చాలా గట్టిగా మాట్లాడతాను. కూతురి పురుడు కోసం రాజమండ్రి నుంచి వచ్చిన ఒక అమ్మ. పదిహేనేళ్లుగా మధుమేహం, చక్కెర తగ్గించే గ్లిమెపిరైడ్ మాత్ర పొద్దునా రాత్రీ. ఇక్కడికి రాగానే కూతురూ అల్లుడూ ఆవిడ ఆరోగ్యం బాగుచేయాలని ప్రేమతో రాత్రి అన్నం మాన్పించారు. కాకరకాయ ఇగురు, కాలీఫ్లవర్ కోరు పెట్టారు. మాత్ర మాత్రం యథాప్రకారం సాగింది. మూడోనాడు తెల్లవారుజామున ఆవిడకు చెమటలు పట్టాయి, మాట తడబడింది. పక్కింటి పెద్దాయన దగ్గర్నుంచి గ్లూకోమీటర్ తెచ్చి చూస్తే 2.9 అని వచ్చింది. జర్మనీలో తూర్పు భాగాన చక్కెరను మిల్లీమోల్‌లలో, పశ్చిమాన మనలాగే మిల్లీగ్రాముల్లో చెబుతారు. బెర్లిన్‌లో రెండు రకాల మీటర్లూ కనిపిస్తాయి. ఆ 2.9 తక్కువో ఎక్కువో ఇంట్లో ఎవరికీ తెలియలేదు. మిల్లీగ్రాముల్లోకి మార్చాలంటే 18తో హెచ్చవేయాలి: 52, బాగా తక్కువ. అల్లుడు నాకు ఫోన్ చేస్తే ముందు చక్కెర నీళ్లు తాగించి అంబులెన్స్‌కు చెప్పమన్నాను. అంబులెన్స్ వచ్చేసరికే ఆవిడ కోలుకుంది.

మర్నాడు నా దగ్గరికి తీసుకొచ్చారు. "కూరలు బాగానే ఉన్నాయి బాబూ, నాకే పడలేదు" అంది ఆవిడ. "మీకు పడనిది కూర కాదమ్మా, మాత్ర" అని చెప్పి రాత్రి మాత్ర ఆపేశాను, పొద్దుటిది సగం చేశాను. రాత్రికి చిన్న కప్పు అన్నం తినమన్నాను. కూర ముందు తిని, అన్నం తర్వాత తింటే అదే అన్నానికి చక్కెర కాస్త నెమ్మదిగా పెరుగుతుంది. ఆవిడ వయసుకు ఆ పద్ధతి చాలు.

ఇన్సులిన్ వేసుకునేవాళ్లు అన్నం తగ్గించినా చక్కెర ఇలాగే పడిపోవచ్చు. డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే మధుమేహ మాత్రలు వాడేవాళ్లు అన్నం పూర్తిగా మానేస్తే రక్తంలో కీటోన్లు పెరిగి ప్రాణం మీదికి రావచ్చు. అప్పుడు చక్కెర మామూలుగానే కనిపించి మోసం చేస్తుంది. వాంతులు, ఆయాసం, కడుపునొప్పి వస్తే ఆగకుండా ఆస్పత్రికి వెళ్లాలి. గుండె కవాటానికో మరోదానికో రక్తం గడ్డకట్టకుండా చేసే మార్కుమార్ మాత్ర వేసుకునేవాళ్లు ఉన్నట్టుండి రోజూ పాలకూర తినడం మొదలుపెడితే అందులోని కె విటమిన్ వల్ల మందు పనితనం తగ్గుతుంది. ఆకుకూర మానక్కర్లేదు, వారం వారం ఇంచుమించు ఒకే మోతాదులో తినాలి. మూత్రపిండాల్లో రాళ్లు వచ్చినవాళ్లు పాలకూర, గోంగూరల జోరు తగ్గించాలి.

మనవాళ్లలో పిండిపదార్థం బాగా తగ్గించే వీరమాచనేని రామకృష్ణ గారి పద్ధతి పాటించినవాళ్లు, సిరిధాన్యాలకు మారినవాళ్లు చాలామంది కనిపిస్తారు. పిండిపదార్థం తగ్గిస్తే చక్కెర దిగుతుందన్నది నిజమే. మధుమేహంలో చక్కెర అదుపుకు ఎక్కువ ఆధారాలున్నది పిండిపదార్థం తగ్గించడానికేనని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2019 నివేదికలో రాసింది. కానీ కొర్రల్లోనూ సామల్లోనూ పీచు ఎక్కువే తప్ప పిండిపదార్థం బియ్యానికి మరీ తక్కువేం కాదు. పళ్లెం నిండా కొర్రన్నం పెట్టుకుంటే లెక్క పెద్దగా మారదు. నేను ఎవరినీ అన్నం పూర్తిగా మానమనను. పూటకు ఒక కప్పుకు తెచ్చి, పళ్లెంలో సగానికి మించి కూర ఉంచమంటాను. ఏళ్ల తరబడి సాగేది అదేనని నా నమ్మకం.

ఈ మధ్య ఒక విద్యార్థి వచ్చాడు, వరంగల్ అబ్బాయి. సన్నగా ఉంటాడు, హెచ్‌బీఏ1సీ 6.1. తండ్రికీ తాతకూ మధుమేహం ఉంది. నలుగురు పంచుకునే వంటిల్లు, రోజూ పాస్తా, లేకపోతే అన్నంలో ఊరగాయ. "సార్, నాకు వంట రాదు" అన్నాడు. గడ్డకట్టించిన బెండకాయ ముక్కల పొట్లం కొనుక్కోమన్నాను. కరగనివ్వకుండా అలాగే కాలిన మూకుడులో పరిచి, చెంచాడు నూనె వేసి, మూత పెట్టకుండా పన్నెండు పదిహేను నిమిషాలు వేయించాలి. గరిటెతో ఊరికే కెలకకూడదు. జిగురు పోవడానికి చివర్లో నిమ్మరసం, ఆపైన ఉప్పు, పల్లీల పొడి. రెండు ఉడికించిన గుడ్లు, పెరుగు, చిన్న కప్పు అన్నం. రాసుకున్నాడు. "మూకుడు వెడల్పు ఎంత ఉండాలి సార్?" అని అడిగాడు. 28 సెంటీమీటర్లది తీసుకోమన్నాను. రక్తపరీక్ష మళ్లీ మూడు నెలలకు.