ఖరగ్‌పూర్ గోడలు, నయా పటాలు

ఖరగ్‌పూర్ అనగానే మనవారికి 1072.5 మీటర్ల ప్లాట్‌ఫారమే గుర్తుకు వస్తుంది. 2013లో గోరఖ్‌పూర్ దానిని మించినా ఆ ఖ్యాతి మాసిపోలేదు. బెంగాల్-నాగపూర్ రైల్వే కాలంనుండి ఎందరో తెలుగువారు స్థిరపడిన ఈ పట్టణంనుండి బయలుదేరి, బాలిచక్ మీదుగా మేము పింగ్లా ప్రాంతపు నయా గ్రామం చేరాము.

అక్కడి పటువాలు ఆకులు, పువ్వులు, మసి నుండి రంగులు తీసి, మారేడు జిగురు కలిపి పటాలు వ్రాస్తారు. వాటిని విప్పుతూ కథను పాడతారు. పలువురు ఇస్లాం మతస్థులైనా వారి కుంచె దుర్గనూ, మనసాదేవినీ చిత్రిస్తుంది. 2018లో బెంగాల్ పటచిత్రానికి భౌగోళిక గుర్తింపు లభించింది.

2017లో మధుబని స్టేషను గోడలను స్థానిక చిత్రకారులు శ్రమదానంగా అలంకరించారు. అది వారి ఔదార్యం. అయితే టెండరులో సున్నానికీ, సిమెంటుకూ ధర కట్టే మనం, ఖరగ్‌పూర్ గోడలపై పటువాలచేత కథ వ్రాయించిననాడు ఆ చేతి పనికీ తగిన ధర కట్టాలి. చిత్రం క్రింద వారి పేరూ ఉండాలి.