సహస్రకుండ్‌లో నీళ్ళు ‘పడవు’

నాందేడు అనగానే మనవాళ్ళకు ముందుగా గుర్తొచ్చేది గోదావరి ఒడ్డునున్న గురుద్వారా. 1708లో గురు గోవింద్ సింగ్ తనువు చాలించిన చోటు అది. మహారాజా రంజిత్ సింగ్ కట్టించిన ఆ మందిరం దర్శించుకుని, లంగరులో రొట్టె, పప్పు ప్రసాదంగా తిని, సాయంత్రం రైలెక్కి వెళ్ళిపోతారు మన చుట్టాలు. బదిలీ మీద ఈ ఊరొచ్చిన బ్యాంకు ఉద్యోగిగా నేను వాళ్ళకు చెప్పే మాట ఒకటే. వానాకాలంలో రండి, ఇంకొక్కరోజు ఉండండి, సహస్రకుండ్ చూసి వెళ్ళండి.

భోకర్, హిమాయత్‌నగర్ మీదుగా సుమారు వంద కిలోమీటర్ల దారి. ముద్ఖేడ్ నుంచి ఆదిలాబాద్ పోయే రైలు మార్గంలో ఆ పేరుతో స్టేషను కూడా ఉంది. అక్కడ పెన్‌గంగ నదికి ఇవతల ఒడ్డు నాందేడు జిల్లా, అవతల ఒడ్డు యవత్మాల్ జిల్లా. నది పొడుగునా నల్లరాయే. సుమారు ఆరుకోట్ల అరవై లక్షల ఏళ్ళ కిందట పొరలు పొరలుగా పారి గడ్డకట్టిన లావా ఇది. దీన్ని ‘దక్కన్ ట్రాప్’ అంటారు. ట్రాప్ అనే మాట మెట్లు అనే అర్థమున్న స్వీడిష్ పదం నుంచి వచ్చింది. పేరులోనే దిగడం ఉందన్నమాట!

పోయిన శ్రావణంలో ఐదు తెలుగు కుటుంబాల వాళ్ళం కలిసి ఒక ఆదివారం వెళ్ళాము. ఒడ్డున చెట్టుకింద పులిహోర, పెరుగన్నం అయ్యాక, పిల్లల చేత చూసింది చూసినట్టు నాలుగు వాక్యాలు రాయించాము. ఇక్కడి బడిలో వాళ్ళు చదివేది మరాఠీ, ఇంగ్లీషు. తెలుగు అక్షరాలు ఆదివారాల్లో నేర్చుకున్నవే. పదో తరగతి అబ్బాయి ఇలా రాశాడు: “నీరు చాలా ఎత్తు నుంచి, చాలా వేగంగా, చాలా గట్టిగా కింద పడింది.” తప్పేమీ లేదు. కాని మూడు ‘చాలా’లు కలిసి మోసినా ఆ నీళ్ళు మన కళ్ళముందు కదలవు.

మాతో వచ్చిన ఒక పెద్దమ్మ ఆ వాక్యం విని నవ్వింది. వాళ్ళ పెద్దలు నేతపని మీద వచ్చి, నాందేడు హైదరాబాదు సంస్థానంలో ఉన్న రోజుల్లోనే ఇక్కడ స్థిరపడ్డారు. ఆమెకు రాయడం రాదు. “పడుడేంది సారూ, దుంకుతున్నది సూడుండ్రి!” అంది.

అంతే! మూడు ‘చాలా’ల పని ఒక్క ‘దుంకు’ చేసేసింది. ఎత్తూ అందులోనే ఉంది, వేగమూ అందులోనే ఉంది. విశేషణాలు వెతికేముందు క్రియను వెతుక్కోవాలని ఏ వ్యాకరణ పుస్తకమైనా ఇంతకంటె బాగా చెప్పగలదా?

ఆ తరువాత పిల్లలంతా నది వైపు మళ్ళీ చూశారు. పైన బల్లపరుపు రాతిమీద నీరు ‘జారుతోంది’. అంచుకు రాగానే ‘దూకుతోంది’. పక్క నెర్రెల్లోంచి ‘కారుతోంది’. రాతి మొనకు కొట్టుకుని ‘చిందుతోంది’. తుంపర గాలికి లేచి మన మీద ‘కురుస్తోంది’. గట్టుమీద చెట్టు నుంచి ఒక పండుటాకు ‘రాలింది’. అది గిరగిర తిరుగుతూ నీటిమీద ‘వాలింది’. కిందికి రావడం అన్నిటికీ ఒకటే, వచ్చే తీరు మాత్రం దేనిది దానిదే.

జంటమాటలు కూడా చూసి వాడాలి. జలజల అనేది చినుకులకు, కన్నీళ్ళకు సరిపోతుంది గాని వరదనీటికి చాలదు. అక్కడ దబదబ కావాలి. మరాఠీలో జలపాతాన్ని ‘ధబ్‌ధబా’ అంటారు. చప్పుడునే పేరుగా పెట్టుకున్నారు వాళ్ళు!

ఇదంతా కవుల గొడవ, లెక్కలు రాసుకునే కామర్సు పట్టభద్రుడికెందుకు అనకండి. మా బ్యాంకుల్లోనూ ఇదే చిక్కు. డిపాజిట్లు ‘తగ్గాయి’ అంటే ఒక అర్థం, ‘జారుతున్నాయి’ అంటే ఇంకా ఆగలేదని అర్థం. 2020 మార్చి 23న సెన్సెక్స్ ఒక్కరోజులో 3,934 పాయింట్లు పోగొట్టుకుంది. దాన్ని ‘కుప్పకూలింది’ అనాలి. వంద పాయింట్లు దిగినరోజు కూడా అదే మాట వాడితే, నిజంగా కూలిననాడు ఏ మాట మిగులుతుంది?

గోదావరి విషయంలో ఐతే మాటకు ఇంకా బరువుంది. సముద్రమట్టానికి సుమారు 360 మీటర్ల ఎత్తున్న నాందేడు దగ్గర అది దూకదు. ఒద్దికగా దిగుతూ బాసర, శ్రీరాంసాగర్ వైపు సాగుతుంది. ధర్మాబాద్ దగ్గర దారిలో బాబ్లీ బ్యారేజి ఉంది. 2013 ఫిబ్రవరి 28న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం జులై 1 నుంచి అక్టోబరు 28 దాకా దాని గేట్లు ఎత్తి ఉంచాలి, మార్చి 1న 0.6 టీఎంసీల నీరు దిగువకు వదలాలి. దిగువ రైతుకు నీళ్ళు ‘వచ్చాయి’ అంటే వాన దయ, ‘వదిలారు’ అంటే మనిషి చేసిన పని, ‘అడుగంటాయి’ అంటే పంట పోయినట్టే. మాట మారితే బాధ్యత ఎవరిదో కూడా మారిపోతుంది.

సహస్రకుండ్‌లో దూకిన పెన్‌గంగ వార్ధాలో కలిసి, ఆ నీరే ప్రాణహితగా కాళేశ్వరం దగ్గర గోదావరిని చేరుతుంది. నాందేడును ఒరుసుకుంటూ పారిన గోదావరి కూడా అక్కడికే వస్తుంది. మన జిల్లా రెండు చివరల నుంచీ దిగిన నీళ్ళు తెలుగునేల మీద మళ్ళీ కలుసుకుంటాయి. అదే నేల నుంచి మన పెద్దలతో ఇక్కడికి వచ్చిన మాటలు మాత్రం మన ఇళ్ళలో ఒక్కొక్కటే రాలిపోతున్నాయి. దుంకు, ఒలుకు, తొణుకు, ఒరుగు, కుంగు... ఇన్ని ఉండగా మన పిల్లలకు ‘పడింది’ ఒక్కటే మిగిలితే, ఆ లోటు ఏ పద్దు కింద రాసుకుంటాం?

వెళ్ళేవారికి రెండు సూచనలు. జులై నుంచి సెప్టెంబరు దాకా మంచి కాలం. ఎండాకాలం వెళ్తే రాళ్ళే చూసి రావాలి. రాతిమీద పాచి ఉంటుంది, అంచుదాకా పోనీయకండి. వెళ్ళేటప్పుడు ఇంట్లో పెద్దవాళ్ళను కూడా తీసుకెళ్ళండి. పిల్లలు వాళ్ళ పక్కన కూర్చుని పది వాక్యాలు రాసి మన పత్రిక పిల్లల పేజీకి పంపాలి. షరతు ఒక్కటే: ఎక్కడా ‘పడింది’ అని ఉండకూడదు!