ఆమె పాట, మా లాభం

2009 జూలైలో మా కాలేజీ స్టాఫ్ రూములో 20 మందిమి కలిసి చీటీ మొదలుపెట్టాం. నెలకి 2,000, మొత్తం 40,000. మొదటి నెల చీటీ నడిపే మేడమ్ తీసుకున్నారు. రెండో నెల పాట పెట్టారు.

గెస్ట్ లెక్చరర్ ఒకామె పాట అందుకుంది. పోటీకి పాడింది నేను. నాకప్పుడు డబ్బు అవసరం లేదు. పాట పెరిగితే అందరికీ నాలుగు డబ్బులు మిగులుతాయని సరదాగా పెంచుకుంటూ పోయాను. 12,500 దగ్గర నేను ఆగాను, ఆమె 13,000కి పాడుకుంది. అంటే 40,000 చీటీని 27,000కే తీసుకుంది. వదులుకున్న 13,000 పంచితే తలా 650 వచ్చింది. ఆ సంతోషంలో ఎవరో మిర్చిబజ్జీలు తెప్పించారు. "ఏమ్మా, అంత తొందరేమిటి, నగలు కొంటున్నావా?" అన్నాను. ఆమె నవ్వింది. బజ్జీ మాత్రం తీసుకోలేదు. "శనివారం కదా మేడమ్, ఉపవాసం" అంది.

సోమవారం శివుడికి, గురువారం సాయిబాబాకి, శనివారం వెంకటేశ్వరస్వామికి. వారానికి మూడు ఉపవాసాలు. "ఇంత చదువుకుని ఆడవాళ్ళని కట్టిపడేసే వ్రతాలన్నీ నువ్వే మోస్తున్నావా?" అని వెక్కిరించేదాన్ని. అప్పుడు కూడా నవ్వేది.

ఆ ఏడాదే నేను దూబగుంట మీద ఒక వ్యాసం రాస్తున్నాను. నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత తరగతులకు వచ్చిన ఆడవాళ్ళు, తాగొచ్చి కొట్టే మొగుళ్ళ గురించి, సారా దుకాణానికి పోతున్న కూలి డబ్బుల గురించి ఒకరితో ఒకరు చెప్పుకోవడం, అదే 1992 నాటికి సారా వ్యతిరేక ఉద్యమం కావడం, 1995లో రాష్ట్రంలో మద్యనిషేధం రావడం మనందరికీ తెలిసిందే. ఇంటి గుట్టు బయటపెట్టడమే రాజకీయ చర్య అని రాసుకున్నాను. ఆ వాక్యం రాసిన బల్లకి రెండు కుర్చీల అవతలే ఆమె కూర్చునేది.

2010 ఏప్రిల్‌లో పరీక్షల డ్యూటీ చేస్తూ ఆమె కళ్ళు తిరిగి పడిపోయింది. మేమంతా మంచినీళ్ళూ గ్లూకోజూ అంటూ హడావుడి పడుతుంటే, గదులు ఊడ్చే ఆయమ్మ తన డబ్బా తెచ్చి అన్నం కలిపి పెట్టింది. తరవాత నాతో మెల్లగా అంది: "మీకు తెల్దా మేడమ్? ఆ యమ్మ డబ్బా తెచ్చుకోడం మానేసి శానా రోజులైంది. ఉన్నది పిల్లలకి కట్టేసి వస్తది. సగం రోజులు నా దాంట్లోదే తింటది."

గెస్ట్ లెక్చరర్‌కి గంటల లెక్కన డబ్బులు. సెలవులకి ఉండవు, పరీక్షల నెలలో ఉండవు. ఆ సంగతి మాకు తెలియనిది కాదు. తెలియనిదల్లా మిగతాది. ఊళ్ళో వాళ్ళక్క ఒక మైక్రోఫైనాన్స్ గ్రూపులో అప్పు తీసుకుంది. వారం వారం కిస్తీ. ఒకరు కట్టకపోతే మిగిలిన నలుగురూ కట్టాలి. కాబట్టి ఆ నలుగురూ వచ్చి అక్క గుమ్మం ముందు కూర్చునేవారట. వాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు, నిన్నటిదాకా కష్టసుఖాలు చెప్పుకున్నవాళ్ళే. చీటీ పాడిన 27,000 అక్కడికే పోయింది. 2010 అక్టోబర్‌లో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. వారానికి కాదు, నెలకోసారే వసూలు చేయాలంది. అదీ ఇళ్ళ మీద పడి కాదు, పంచాయతీ ఆఫీసులాంటి చోటే అంది. అప్పటికే వాళ్ళక్క ఊరొదిలి వెళ్ళిపోయింది.

"మాకెందుకు చెప్పలేదు?" అని ఆమెని నిలదీశాను. నిలదీయడమే. ఇప్పుడు ఆలోచిస్తే, ఆమె చెప్పకపోవడం ఎక్కడ? రెండో నెలలోనే మూడో వంతు వదులుకుని చీటీ పాడుకోవడం చెప్పడం కాదా? ఉపవాసాలు చెప్పడం కాదా? ఆమె అంకెల్లో చెప్పింది, మేం దాన్ని లాభంగా లెక్కేసుకున్నాం. దూబగుంట ఆడవాళ్ళు నోరు విప్పారంటే, వింటున్నవాళ్ళ ఇంట్లోనూ అదే గోడు ఉంది కనక. మా స్టాఫ్ రూములో వినాల్సిన నాకు ఉద్యోగం పర్మినెంటు, జీతం ఒకటో తారీకున. మౌనం వీడమని ఆడవాళ్ళకి చెబుతూనే వచ్చాం. మన దగ్గర నోరు విప్పితే వాళ్ళకి ఎంత ఖర్చవుతుందో మాత్రం లెక్క చూసుకోలేదు.

ఆ జూన్‌లో ఆరుగురం కలిసి నెలకి తలా 200 వేసి ఒక నిధి పెట్టాం. మొదటిరోజే గొడవ. కారణం రాయించుకోవద్దా, తిరిగి కట్టకపోతే ఎలా అని. ఆయమ్మనే అడిగాం. "ఎందుకూ అని అడిగితే ఎవరు తీసుకుంటారు మేడమ్?" అంది. అందుకని ఏమీ అడక్కూడదనుకున్నాం. డబ్బు ఆయమ్మ దగ్గరే ఉంచాం. ఒకరిద్దరు తిరిగి ఇవ్వలేదు. నిజంగా అవసరం లేనివాళ్ళు తీసుకున్నారని అనుమానాలొచ్చాయి, మాటలు అనుకున్నాం కూడా. అయినా నిధి ఆగలేదు. ఆమె మాత్రం అందులోంచి ఒక్క రూపాయి ముట్టలేదు. చీటీ వాయిదాలు 2011 ఫిబ్రవరిలో ఆఖరి నెల దాకా తప్పకుండా కట్టింది.

ఆ ఆఖరి నెల, 650 కవర్లో పెట్టి ఆమెకి ఇవ్వబోయాను. ఆ రోజు పాట పెంచింది నేనేనని, అది తప్పేనని ఎలాగో చెప్పాను. కవరు నా చేతిలోనే ఉంచేసి అంది:

"మీరు అంతదాకా పాడుతుంటే మీకూ ఏదో ఇబ్బంది వచ్చిందేమో అనుకున్నాను మేడమ్. మీకొదిలేద్దామా అని ఒక్క నిమిషం ఆగాను కూడా."

నా పాటలో ఆమెకి కష్టం వినబడింది. ఆమె పాటలో నాకు బజ్జీలు కనబడ్డాయి.

ఆ తరవాత రిటైరయ్యేదాకా ఎవరు ఉపవాసమన్నా ఏ దేవుడికని అడగలేదు. నా డబ్బా మూత తీసి బల్ల మధ్యలో పెట్టేదాన్ని.