ఆ ఫోన్ ఎవరిది?

ఫోన్‌లో ఫొటోలు దాచుకునే ఆప్ ఒకటి తయారుచేస్తున్న స్నేహితులు, బటన్ల మీద తెలుగు మాటలు సరిచూడమని నన్ను పిలిచారు. సాహిత్యంలో డాక్టరేట్ చేసినందుకు ఇదో పని దొరికింది అని నవ్వుకున్నాను. మాట అర్థమయిందో లేదో వాడేవాళ్లే చెప్పాలి కదా అని గుడివాడ, బందరు, దివిసీమ తిరిగాం.

ఈ పరీక్షకు ఒక పద్ధతి ఉంది. వాడేవాళ్లకు చిన్న పని చెప్పి మనం నోరు మెదపకుండా కూర్చోవాలి. వాళ్లు మనసులో అనుకుంటున్నదంతా పైకి చెబుతూ ఆ పని చెయ్యాలి. ఎక్కడైనా తడబడితే తప్పు డిజైన్‌దే. ఐదుగురితో చేసినా చాలావరకు లోపాలు బయటపడతాయని జేకబ్ నీల్సన్ 2000లో రాశాడు. ఆ ఐదుగురూ ఎవరు, ఎవరి ఎదుట కూర్చుని చేస్తున్నారు అనేది కూడా చూడాలని నాకు గుడివాడలో తెలిసింది.

అక్కడ ఒకామె బట్టలు కుడుతుంది. "పెళ్లి ఫొటో వెతికి మీ చెల్లెలికి పంపండి" అన్నాం. ఆమె వేలు కదిలేలోపే పక్కన కూర్చున్న భర్త "అక్కడ కాదు, కింద నొక్కు" అన్నాడు. రెండోసారి ఫోనే లాక్కున్నాడు. మా కాగితంలో 'పని పూర్తయింది' అని రాసుకున్నాం. రాత్రి రికార్డింగ్ వింటే అంతా ఆయన గొంతే. ఆమెది "ఊఁ" అని రెండుసార్లు.

మర్నాడు ఆమె కుట్టుమిషన్ దగ్గరికే వెళ్లాం. తను కుట్టుకున్న జాకెట్టు వేసుకుని అద్దంలో తీసుకున్న ఫొటోని చెల్లెలికి పంపింది. వెంటనే తీసేసింది. "తప్పేదో చేశానని కాదు మేడమ్. ఎవరికి పంపావు, ఎందుకు పంపావు అని పది ప్రశ్నలు. జవాబు చెప్పే ఓపిక లేదు." తీసేసిన ఫొటో మా ఆప్‌లో 'ఇటీవల తొలగించినవి' అన్న అరలో 30 రోజులుంటుంది. ఆ అర మొదటి తెర మీదే కనిపిస్తుంది. పొరపాటున పోయినది మళ్లీ దొరకాలని మేం అలా పెట్టాం. ఆమె మీద అది చాడీలు చెబుతోంది.

ఇది ఆమె ఒక్కరి సంగతే అనుకోవడానికి లేదు. నిత్యా సాంబశివన్, సహపరిశోధకులు భారత్, పాకిస్తాన్, బంగ్లాదేశ్ స్త్రీల ఫోన్ వాడకం గురించి 2018లో ప్రచురించిన పరిశోధన ఇదే చెప్పింది. ఫోన్ ఇంట్లో పదిమంది చేతుల్లోకి వెళ్తుంది కాబట్టి ఆడవాళ్లు ఒక్కో ఫొటో, ఒక్కో మెసేజ్ ఏరి తీసేస్తారు, ఆప్‌లకు తాళాలు వేసుకుంటారు. మేమేమో 'యూజర్' అంటే ఒక మనిషి, ఒక ఫోన్ అనుకున్నాం. బందరులో, చిలకలపూడి రోల్డ్‌గోల్డ్ నగలకు రాళ్లు అతికే ఆమె వాడేది కొడుకు ఫోన్. అతను కాలేజీ నుంచి వచ్చేదాకా ఆమెతోపాటు మేమూ ఎదురుచూశాం.

దివిసీమలో అరవై దాటిన ఒకామెను కలిశాం. 1977 నవంబర్ 19 నాటి ఉప్పెనలో ఆమె అమ్మానాన్నలు పోయారు. ఇంటితోపాటు వాళ్ల ఫొటో కూడా పోయింది. తెర మీద చెత్తబుట్ట బొమ్మ చూసి ఆమె వేలు వెనక్కి తీసుకుంది. "మనుషుల పక్కన చెత్తబుట్టేంటమ్మా? చెయ్యి తగిల్తే పోతారుగా!"

ఒకరికి ఆనవాలు లేకుండా పోవాలి. ఇంకొకరికి ఎన్నటికీ పోకూడదు. సగటు లెక్క వేస్తే ఇద్దరూ మిగలరు. చెత్తబుట్టనీ, 'తొలగించు' అన్న మాటనీ తీసేసి 'కొన్నాళ్లు దాచు', 'ఇప్పుడే పూర్తిగా తీసెయ్యి' అని రెండు బటన్లు పెట్టాం. దాచిన అరకు తాళం వేశాం. మళ్లీ గుడివాడ వెళ్తే ఆమె ఒక్క మాటతో తేల్చేసింది. "తాళం ఎందుకేశావని అడగరా?" తాళం తీసేసి, ఆ అరను సెట్టింగ్స్ లోపలికి పంపాం.

ఈసారి రికార్డింగ్ నిండా ఆమె గొంతే. సంతోషంతోపాటు దిగులూ వేసింది. దాచుకోవడం సులువు చేయగలిగాం. దాచుకోవలసిన అవసరాన్ని తీసేసే బటన్ మా దగ్గర లేదు. కనీసం మేం తయారుచేసే వస్తువు ఆ ఇంటి పెత్తనానికి కాపలా కాయకూడదు.

మా పరీక్ష కాగితంలో ఇప్పుడు కొత్తగా ఒక గడి ఉంది: 'పక్కన ఎవరున్నారు?'